పని ఆగిన గనిలో నీటి లెక్క

కంటికి కనబడే నీటిమీద మనకు శ్రద్ధ ఎక్కువ. వానకారు వచ్చినదంటే నాగార్జునసాగరులో మట్టము ఎన్ని అడుగులకు చేరినదో, నిండు మట్టమైన 590 అడుగులకు ఇంకెంత కొరత ఉన్నదో మిర్యాలగూడలోను, కోదాడలోను, సూర్యాపేటలోను వాకబు చేయని ఇల్లుండదు. కాని మన కాలి క్రింద నేలలో నీరు ఎంత లోతున ఉన్నదని అడిగితే చెప్పగలవారు అరుదు.

1967 ఆగస్టు 4న సాగరు కాలువలకు నీరు వదలినారు. కాలువ పారినచోట బావులలో నీరు పైకి వచ్చినది. కాలువ అందక బోరుబావులు పెరిగినచోట క్రిందికి జారినది. నేలలోని నీటికి ఉన్న న్యాయము ఇదే: చేరేదానికి, తోడేదానికి మధ్య తూకము ఎటు మొగ్గితే మట్టము అటు నడుస్తుంది. ఈ న్యాయము మనిషి ప్రాణముతో ముడిపడిన చోటు ఒకటున్నది. అది బొగ్గు గని.

సాగరు ఎడమ కాలువ మన ప్రాంతము దాటి ఖమ్మము వైపు సాగుతుంది. అక్కడికి ఇంకా ఉత్తరాన ఇల్లెందు ఉన్నది. ఆ ప్రాంతములో 1871లో విలియం కింగ్ అనే భూవిజ్ఞాని బొగ్గును గుర్తించినాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. నూరేండ్లకు పైబడి తవ్విన ఆ గోదావరి లోయలో బొగ్గు తరిగిపోయియో, గిట్టుబాటు కాకనో పని ఆగిన భూగర్భ గనులు అనేకమున్నవి.

మన వైపు గ్రానైటు రాయి తన పగుళ్ళలో మాత్రమే నీటిని దాచుకొంటుంది. బొగ్గు పొరలకు తోడుగా ఉండే ఇసుకరాయి అట్లా కాదు. దాని ఒడలంతా సన్నని రంధ్రాలే. గని లోతుకు దిగిన కొద్దీ నీరు ఊరుతూనే ఉంటుంది. పంపులు రేయింబవళ్ళు తోడితేగాని లోపల పని సాగదు. అంతకాలమూ చుట్టుపట్ల నీటిమట్టము అణగి ఉంటుంది.

మరి పని ఆగి, పంపులు నిలిస్తే? బొగ్గు తీసిన ఖాళీలన్నీ నీటితో నిండడము మొదలవుతుంది. పైనున్నవారికి ఏమీ తెలియదు. లోపల మాత్రము ఒక చెరువు తయారవుతుంది. దానికి కట్ట లేదు, తూము లేదు. ప్రక్క గనికి, దానికి మధ్య అడ్డుగా మిగిల్చిన బొగ్గు గోడే దిక్కు.

ఆ గోడ నిలవనినాడు ఏమవుతుందో దేశమునకు తెలుసు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో, పైనున్న పాత తవ్వకాలలో నిలిచిన నీరు విరుచుకుపడి 375 మంది బలి అయినారు. 2003 జూన్ 16న మన గోదావరిఖనిలోనే గనిలోకి నీరు దూకి 17 మంది మరణించినారు. నీరు నిలిచిన పాత తవ్వకానికి 60 మీటర్ల లోపున ప్రత్యేకానుమతి లేనిదే పని చేయరాదని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలే చెప్పినవి. కాని నీరు ఎక్కడ, ఎంత ఎత్తున ఉన్నదో తెలియనిదే ఏ నిబంధన అయినా ఎట్లా కాపాడగలదు?

తెలుసుకొనే సాధనము చాలా సామాన్యమైనది. గని చుట్టూ సన్నని బోర్లు వేసి, అడుగున రంధ్రాలున్న గొట్టాలు దింపుతారు. వీటిని పీజోమీటర్లంటారు. నీరు తగలగానే చప్పుడు చేసే టేపును వదలి లోతు చూస్తారు. అయితే లోతు ఒక్కటే చాలదు. ఉదాహరణకు ఒక బోరు నోరు సముద్రమట్టానికి 110 మీటర్ల ఎత్తున ఉండి, నీరు 30 మీటర్ల లోతున ఉన్నదనుకొందాము. రెండవ బోరు నోరు 95 మీటర్ల ఎత్తున, నీరు 10 మీటర్ల లోతున. మొదటిదానిలో నీటి ఎత్తు 80, రెండవదానిలో 85. అంటే పల్లములో ఉన్న బోరునుంచే మిట్టమీది బోరు వైపు నీటికి ఒత్తిడి ఉన్నదన్నమాట! నేలమీద చూచి నేలలోపలి నడకను ఊహించరాదు.

ఎత్తుతో పాటు గుణమును కూడా చూడవలె. బొగ్గులో గంధకముతో కూడిన ఇనుప ఖనిజము గాలి తగిలి మారి, నీరు నిండినప్పుడు కరగి ఇనుమును, ఆమ్లమును ఇస్తుంది. మన బొగ్గులో గంధకము తక్కువ కావడము అదృష్టమే. పరీక్ష మానడానికి అది సాకు కారాదు. తేటగా కనబడే నీటిలో ఫ్లోరైడు ఎన్ని ఎముకలను వంచినదో నల్లగొండవారికి వేరే చెప్పవలెనా? ఇంగ్లండులో కార్న్‌వాల్‌లోని వీల్ జేన్ అనే తగరపు గనిలో 1991లో పంపులు ఆపినారు. 1992 జనవరిలో లోపలి నీరు బయటపడి నదీముఖము గేరువన్నెకు తిరిగినది.

చిక్కంతా ఇక్కడ ఉన్నది: పని ఆగిన గనికి ఆదాయము లేదు, ఖర్చు మాత్రము మిగులుతుంది. ఖర్చు తగ్గించవలసి వచ్చినప్పుడు మొదట కత్తెర పడేది కొలతకే. 2009లో కేంద్ర బొగ్గు మంత్రిత్వశాఖ గనుల మూసివేతకు ప్రణాళిక, దానికి ప్రత్యేక నిధి ఉండవలెనని మార్గదర్శకాలు వెలువరించినది. ఆ నిధిలో మొదటి వాటా టేపు పట్టుకొని తిరిగే మనిషిది కావలెను. కేంద్ర భూగర్భజల మండలి తన పరిశీలక బావులను సంవత్సరానికి నాలుగుసార్లు చూస్తుంది. నిండుతూ ఉన్న గనికి ఆ వ్యవధి చాలదు. తొలి సంవత్సరాలలోనైనా వారము వారము చూడవలె. గని తెరవక పూర్వపు లెక్క లేకపోతే రేపు బావి ఎండినా, ఉబికినా, నీరు చెడినా, రైతు మాట రైతుది, కంపెనీ మాట కంపెనీది అవుతుంది. నడుమ సాక్ష్యము చెప్పగలది అంకె ఒక్కటే.

గనులు లేని మనకూ ఇందులో పని ఉన్నది. మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి ఇంటి బావిలోనికి ముడులు వేసిన త్రాడు వదలి, నీటి లోతును తేదీతో సహా ఒక పుస్తకములో వ్రాసి ఉంచండి. పదేండ్లు గడిచేసరికి ఆ పుస్తకము మీ పొలము పట్టా పుస్తకమంత విలువైనదవుతుంది.