వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు: హైబ్రిడ్ కారు, ఇంధనపు పొదుపు



నేటి ప్రసంగ విషయము కవిత్వము కాదు, సంగీతము కాదు, పెట్రోలు. సాంస్కృతిక సభలో పెట్రోలునకు చోటెక్కడిదని కొందరికి తోచవచ్చును. కాని గృహస్థుని నెలసరి పద్దులో బియ్యము, పాలు, పిల్లల ఫీజుల సరసన పెట్రోలు కూర్చుండి చాల కాలమైనది. మన దేశము వాడుకొను ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు పైగా విదేశములనుండియే వచ్చుచున్నది. కనుక ఒక ఇంట మిగిలిన లీటరు ఆ ఇంటికే గాక దేశమునకును మిగులుబాటే.

హైబ్రిడ్ అనగా సంకరము. సేద్యము నెరిగిన కుటుంబములవారికి సంకర జొన్న, సంకర వరి క్రొత్త మాటలు కావు. రెండు వంగడముల గుణము లొక గింజలో చేరినట్లే, ఈ కారులో పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండును చేరియుండును. ఒకటి అలసినచోట రెండవది అందుకొనును. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడని మన పెద్దలు చెప్పిన మాట దీనికి చక్కగా అతుకును.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1900 ప్రాంతములోనే ఫెర్డినాండ్ పోర్షే అను ఇంజనీరు ఆస్ట్రియాలో, పెట్రోలు ఇంజనుతో విద్యుత్తును పుట్టించి దానితో చక్రములను త్రిప్పు బండిని నిర్మించెను. పెట్రోలు చౌకగా దొరకినంతకాలము లోకము దానిని పట్టించుకొనలేదు. 1997 డిసెంబరులో జపానుదేశపు టయోటావారు ప్రియస్ అను చిన్నకారును అమ్మకమునకు పెట్టిరి. పెద్ద ఎత్తున తయారైన హైబ్రిడ్ కారులలో అదియే మొదటిది. 1999లో హోండావారి ఇన్‌సైట్ వెలువడినది. మన దేశమునకు 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ వచ్చినను, వాని వెల మధ్యతరగతివారికి అందని మ్రానిపండే అయ్యెను. 2022లో హోండా సిటీ, టయోటా హైరైడర్, మారుతీ గ్రాండ్ విటారా హైబ్రిడ్ రూపమున వచ్చిన పిమ్మటనే ఉద్యోగస్థుల ఇండ్లలో ఈ మాట వినబడసాగినది.

ఇంతకును ఈ కారు పెట్రోలును ఎట్లు మిగుల్చును? మూడు విధముల మిగుల్చును. మొదటిది, ఎఱ్ఱదీపము కడ ఆగినపుడు ఇంజను దానంతట అదియే ఆగిపోవును. రెండవది, దీని ఇంజను అట్కిన్సన్ పద్ధతిపై పనిచేయును. జేమ్స్ అట్కిన్సన్ అను ఆంగ్లేయుడు 1880 దశకములో కనిపెట్టిన ఈ పద్ధతిలో, మండిన వాయువు మరికొంత వ్యాకోచించి మరికొంత పని చేసిన తరువాతనే బయటికి పోవును. ఇట్టి ఇంజను బయలుదేరునపుడు కొంత నీరసముగా నుండును. ఆ లోటును మోటారు పూరించును. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, బ్రేకు వేసినపుడు వ్యర్థమగు శక్తిని ఇది కొంత తిరిగి రాబట్టును.

ఈ మూడవదానిని చెంచాలతో కొలిచి చూడవచ్చును. 1,200 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదనుకొందము. దాని నా వేగమునకు తెచ్చుటకు, గాలి, రోడ్డు చేయు అడ్డగింతలను విడిచిపెట్టినను, సుమారు 15 మిల్లీలీటర్ల పెట్రోలు, అనగా మూడు టీచెంచాలు ఖర్చగును. బ్రేకు త్రొక్కి ఆపగానే ఆ మూడు చెంచాల ఫలమును బ్రేకుల వేడిగా మారి గాలిలో కలిసిపోవును. రోజునకు ఇరువదిసార్లు ఇట్లాగినచో 300 మిల్లీలీటర్లు! హైబ్రిడ్ కారులో బ్రేకు త్రొక్కినపుడు మోటారు జనరేటరుగా మారి, చక్రముల వేగమును విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి చేర్చును. అయితే అంతయు తిరిగిరాదు. పోయినదానిలో సగమునకు అటునిటుగా వచ్చినచో సంతోషింపవలసినదే.

ఆ బ్యాటరీయు పెద్దది కాదు. హైరైడర్ హైబ్రిడ్‌లోని బ్యాటరీలో పట్టునది 0.76 యూనిటు విద్యుత్తు మాత్రమే. అది ఒక టీ గ్లాసుడు పెట్రోలులోని శక్తికి మించదు. కనుక ఈ బ్యాటరీ ఇనుప పెట్టె కాదు, పోపులపెట్టెలో ఇల్లాలు దాచు చిల్లర వంటిది. చిన్నది; నేడు వేసి రేపు తీయునది; అయినను నెలాఖరున ఇల్లు గడుపునది.

దీనివలన తేలు నీతి యొకటి కలదు. పోయినదానిని సగము రాబట్టుట మంచిదే. అసలు పోకుండ చూచుట అంతకంటె మంచిది. యంత్రము మొదటి పని చేయును. రెండవ పని చేయవలసినవాడు మనిషి.

రామకృష్ణాపురములో కాపురముండి కేంద్ర సచివాలయమునకు కారులో పోవు ఉద్యోగిని తలచుకొనుడు. దూరముగా ఎఱ్ఱదీపము కనబడుచున్నను చివరివరకు యాక్సిలరేటరు త్రొక్కి, దగ్గరకు వచ్చి గట్టిగా బ్రేకు వేయువానికి హైబ్రిడ్ కారు చేయు మేలు కొంచెమే. ఏలయన గట్టిగా త్రొక్కినపుడు మామూలు బ్రేకు పట్టీలే ఎక్కువ పని చేయును. పోపులపెట్టెలో చిల్లర పడదు. దీపము కనబడగనే కాలు తీసివేసి, బండిని దాని వేగముమీద సాగనిచ్చి, చివర మెల్లగా బ్రేకు నొత్తువాడు రెండు విధముల లాభించును. ఒక్కొక్కప్పుడు అతడు చేరునప్పటికి దీపము పచ్చబడి, ఆగవలసిన పనియే ఉండదు. ముందున్న బండికి తగిన ఎడమిచ్చి నడుపుట కూడ ఇట్టిదే. పొదుపును, క్షేమమును ఒకే దారిలో నడుచును.

కొన్ని అపోహలు కూడ కలవు. కారు దొర్లుచున్నపుడు న్యూట్రల్‌లో వేసినచో పెట్రోలు కలిసివచ్చునని కొందరి నమ్మకము. టయోటా పద్ధతి హైబ్రిడ్‌లో న్యూట్రల్‌లో నున్నంతసేపు బ్యాటరీ నిండదు. పైగా అట్లు నడుపుట ప్రమాదకరము. మోటారుమీదనే నడుపవలెనని నత్తనడకన ప్రాకించుట మరియొక అపోహ. ఆ విద్యుత్తులో అధిక భాగము తుదకు పెట్రోలునుండి రావలసినదే గదా! బండిని ఉచిత వేగమునకు చులాగ్గా తెచ్చి, పిదప కాలు సడలించి సాగనిచ్చుటయే మేలైన పద్ధతి.

పెద్ద రోడ్డుపై లెక్క మారును. అచ్చట ఆగుట లేదు, కనుక రాబట్టుకొనుటకును ఏమియు లేదు. అచ్చట శత్రువు గాలి. గాలి యొక్క అడ్డగింత వేగపు వర్గమునుబట్టి పెరుగును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున నున్న అడ్డగింత 100 కిలోమీటర్లకు ఒకటిన్నర రెట్లు దాటును. ఆగ్రాకు పోవు కుటుంబము ఒక అరగంట ముందుగా బయలుదేరినచో ఆ వ్యత్యాసమును జేబులోనే ఉంచుకొనవచ్చును.

ఇక పోషణ. టైర్లలో గాలి ఉదయము బండి కదలకముందే చూడవలెను. డ్రైవరు తలుపువద్ద నున్న చీటీలోని కొలతయే ప్రమాణము. ఇంజను నూనె తయారీదారు చెప్పిన పలుచని రకమే పోయవలెను. పెక్కు హైబ్రిడ్ కారులలో బ్యాటరీకి చల్లగాలి పోవు రంధ్రము వెనుక సీటు దగ్గర నుండును. ఊరినుండి వచ్చిన బియ్యపు బస్తా, ఆవకాయ జాడీ దానికి అడ్డము పెట్టరాదు. ఢిల్లీ వేసవిలో ఎండలో నిలిపిన బండిని ఎక్కగానే చల్లదనపు యంత్రమును పూర్తిగా త్రిప్పక, అద్దములు దించి వేడిగాలిని పోనిచ్చినచో సగము పని తీరును. శీతకాలములో లోపల వేడి కోరినచో, దానికొరకే ఇంజను తిరుగవలసివచ్చునని కూడ ఎరిగియుండవలెను.

మైలేజి ఎంతయని తెలియుటకు గాజుపలకపై వెలుగు అంకెనే నమ్మరాదు. టాంకు నిండ పోయించి, మరల నిండ పోయించువరకు నడచిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగింపవలెను. ఒక మారు లెక్క చాలదు. అయిదారు మార్ల సగటు తీయవలెను. ప్రయోగశాల పరీక్షను బట్టి 2022లో గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు లీటరుకు 27.97 కిలోమీటర్లని ప్రకటింపబడినది. పరీక్షశాలలో మోతీబాగ్ రద్దీ యుండదు. దానిని ఇంటి మైలేజితో పోల్చి దిగులుపడ పనిలేదు.

తుదకు అసలు ప్రశ్న: కొనవచ్చునా? సర్కారీ ఉద్యోగికి పూర్వము లభించుచుండిన మోటారు కారు అడ్వాన్సు 7వ వేతన సంఘపు సిఫారసుల పిమ్మట తొలగింపబడినది. ఇప్పుడు బ్యాంకు అప్పో, ప్రావిడెంటు ఫండో శరణ్యము. అట్టి సొమ్మును తీయునపుడు కాగితముమీద లెక్క తప్పదు. ఉదాహరణకు మామూలు కారు నగరములో లీటరుకు 12.5 కిలోమీటర్లు, హైబ్రిడ్ 20 కిలోమీటర్లు ఇచ్చుననుకొందము. ఏటికి 10,000 కిలోమీటర్లు తిరుగు ఇంటికి 800 లీటర్ల బదులు 500 లీటర్లు చాలును. లీటరు 100 రూపాయల చొప్పున ఏటికి 30,000 రూపాయలు మిగులును. హైబ్రిడ్‌కు 3 లక్షలు అదనముగా ఇచ్చియుండినచో ఆ సొమ్ము తిరిగివచ్చుటకు పదియేండ్లు పట్టును. ఏటికి 20,000 కిలోమీటర్లు తిరుగువానికి అయిదేండ్లు చాలును. మెట్రో రైలులో ఆఫీసుకు పోయి, ఆదివారము మాత్రమే కారు తీయువానికి ఇరువదియేండ్లైనను చాలదు. అతడు ఫండును కదలింపకుండుటయే పొదుపు.

ఇందులో మరొక చిత్రము కలదు. పైన చెప్పిన నడకతీరు వలన మైలేజి నూటికి పది పాళ్ళు పెరిగినదనుకొందము. హైబ్రిడ్ యజమానికి ఏటికి 45 లీటర్లు మిగులును. పాత కారు యజమానికి 70 లీటర్లకు పైగా మిగులును. ఎక్కువ త్రాగు బండిలోనే పొదుపునకు చోటెక్కువ. కనుక ఈ ప్రసంగము క్రొత్త కారు కొనువారికొరకు మాత్రమే కాదు. కొనలేనివారికి, కొనరాదని తలచువారికి మరింత అక్కరకు వచ్చును.

మన దేశమున పెట్రోలియము పొదుపు కొరకు 1978లోనే ప్రత్యేక సంస్థ ఏర్పడినది. ఎఱ్ఱదీపము కడ ఇంజను ఆపుడని ఢిల్లీ ప్రభుత్వము 2020లో ప్రచారము సాగించినది. హైబ్రిడ్ కారు చెప్పకయే చేయునది కూడ అదియే. పాత కారువాడు ఒక తాళపుచెవి త్రిప్పి ఆ పనిని తానే చేసికొనవచ్చును. పొదుపు యంత్రముతో వచ్చినచో మంచిది. అలవాటుతో వచ్చినచో దానికి వాయిదాలు లేవు, వడ్డీ లేదు.