ఏకీకృత ప్రణాళిక: అమెరికా నగరాల్లో గృహవసతి, సామాజికాభివృద్ధి నిధుల వినియోగం

అమెరికా నగరాల వార్షిక బడ్జెట్టులో సింహభాగం ఆస్తి పన్ను, అమ్మకపు పన్ను, నీటి చార్జీల వంటి సొంత రాబడుల నుంచే సమకూరుతుంది. గృహవసతికీ పేటల బాగుకూ సమాఖ్య ప్రభుత్వం ఏటా ఇచ్చే గ్రాంటు దాని పక్కన చాలా చిన్నది. అయినా ఆ చిన్న మొత్తానికి ఒక ప్రత్యేకత ఉంది: అందులో అధిక భాగం తక్కువ ఆదాయం గల కుటుంబాలకే చేరాలని చట్టం శాసించింది. అందువల్ల ఈ డబ్బు ఖర్చుకు నగరం తయారుచేసే ప్రణాళికను కార్యాలయాల మధ్య తిరిగే ఒక దస్త్రంగా కాక, నగరం తన పేదలకు రాసి ఇచ్చిన మాటగా చదవాలనీ, ఆ మాట నిలబడిందా లేదా అని లెక్క అడగాలనీ ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తున్నది.

ఈ ఏర్పాటు వెనుక ఒక చేదు చరిత్ర ఉంది. 1949 నాటి గృహనిర్మాణ చట్టం కింద ‘అర్బన్ రెన్యువల్’ పేరుతో నగరాల నడిబొడ్డున ఉన్న పాత పేటలను పెద్ద ఎత్తున పడగొట్టారు. కూల్చినన్ని ఇళ్లు పేదలకు తిరిగి కట్టలేదు. గూడు చెదిరినవారిలో నల్లజాతి కుటుంబాలు వారి జనాభా నిష్పత్తిని మించి ఉన్నాయి. 1966లో మోడల్ సిటీస్ పథకం వచ్చింది. మురుగు కాలువలకు ఒకటి, పార్కులకు ఒకటి, పేట భవనాలకు ఒకటి చొప్పున వేరువేరు పథకాలు కూడా నడిచాయి. ప్రతిదానికీ విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి కనుక, దరఖాస్తు రాయడంలో నేర్పున్న నగరానికే డబ్బు దక్కేది. ఈ పథకాలను కలిపివేసిన గృహనిర్మాణ, సామాజికాభివృద్ధి చట్టంపై 1974 ఆగస్టు 22న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేశారు. దానితో పుట్టినదే సామాజికాభివృద్ధి బ్లాక్ గ్రాంటు. ఏ పనికి ఎంత అన్నది ఢిల్లీలోనో వాషింగ్టన్‌లోనో కూర్చున్నవారు తేల్చకుండా, కొన్ని హద్దులు గీసి, ఆ హద్దుల లోపల నిర్ణయాన్ని స్థానిక పాలకులకే వదిలిపెట్టే ఏకమొత్తం సహాయాన్ని బ్లాక్ గ్రాంటు అంటారు.

మహానగర ప్రాంతాల ప్రధాన నగరాలకూ, 50,000 జనాభా దాటిన ఇతర నగరాలకూ, సాధారణంగా 2,00,000 దాటిన పట్టణ కౌంటీలకూ ఈ గ్రాంటు హక్కుగా, సూత్రం ప్రకారం వస్తుంది. ఆ సూత్రాలు రెండు. మొదటిది పేదరికానికి సగం విలువనూ, జనాభాకూ కిక్కిరిసిన ఇళ్లకూ చెరి పావు విలువనూ ఇస్తుంది. 1977లో చేర్చిన రెండవది 1940కి ముందు కట్టిన ఇళ్ల సంఖ్యకు సగం, పేదరికానికి 30 శాతం, జనాభా పెరుగుదలలో వెనుకబాటుకు 20 శాతం విలువ ఇస్తుంది. ఏ లెక్కన ఎక్కువ వస్తే నగరానికి ఆ లెక్కే వర్తిస్తుంది. పరిశ్రమలు మూతపడి జనం తరలిపోయిన ఈశాన్యపు నగరాలను ఆదుకోవడానికి రెండవ సూత్రం అవసరమైనదే. కాని పాత ఇల్లు పేద ఇల్లే అనుకోవడంలో లోపం ఉంది. బాగుచేసుకున్న పాత భవనాల్లో సంపన్నులు కాపురముండే ఊళ్లకు కూడా ఆ సూత్రం వాటా పంచుతుంది.

బ్లాక్ గ్రాంటుకు తరువాత మరో మూడు నిధులు తోడయ్యాయి: నిలువ నీడ లేనివారి కోసం 1987 నాటి చట్టం నుంచి వచ్చిన అత్యవసర గ్రాంటు, అద్దె ఇళ్లకూ సొంత ఇళ్లకూ 1990లో ఏర్పడిన ‘హోమ్’ నిధి, ఎయిడ్స్ వ్యాధిగ్రస్తుల నివాసానికి అదే ఏడాది ఏర్పడిన సహాయం. నాలుగింటికీ నాలుగు దరఖాస్తులు రాసే పద్ధతిని మాన్పించి, 1995లో గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ ఒకే పత్రాన్ని కోరింది. దానినే ఏకీకృత ప్రణాళిక అంటారు. మూడు నుంచి ఐదేళ్లకు ఒకసారి వ్యూహం, ఏటేటా దానికి లోబడిన కార్యాచరణ పత్రం, ఏడాది ముగిసిన 90 రోజుల్లో ఏం చేశారో చెప్పే నివేదిక, ఈ మూడూ దాని అంగాలు.

వ్యూహంలో మొదటి భాగం అవసరాల అంచనా. ఇక్కడ ప్రమాణం ఆ ప్రాంతపు మధ్యగత ఆదాయం, అంటే కుటుంబాలను ఆదాయం వరుసన నిలబెట్టినప్పుడు సరిగ్గా నడుమ నిలిచే కుటుంబపు ఆదాయం. అందులో 80 శాతానికి లోబడినవారిని తక్కువ ఆదాయ, ఒక మోస్తరు ఆదాయ వర్గాలుగా గుర్తిస్తారు. 50 శాతం వద్ద, 30 శాతం వద్ద మరో రెండు గీతలు గీస్తారు. రాబడిలో 30 శాతానికి మించి ఇంటికే పోతే దానిని భారమనీ, సగానికి మించితే తీవ్ర భారమనీ లెక్కిస్తారు. జనగణన సంస్థ ప్రత్యేకంగా తయారుచేసి ఇచ్చే పట్టికల వల్ల ఈ భాగం చాలా నగరాల్లో పకడ్బందీగానే ఉంటుంది. చిక్కు తరువాతి పేజీల్లో, అవసరాల పట్టిక నుంచి కేటాయింపుల పట్టికకు దాటే చోట ఉంది.

ఏడాదికి 10,00,000 డాలర్లు వచ్చే నగరాన్ని ఉదాహరణగా తీసుకుంటే, ప్రణాళికా రచనకూ పరిపాలనకూ 20 శాతం, అంటే 2,00,000 మించకూడదు. ప్రజాసేవలకు 15 శాతం, అంటే 1,50,000 మించకూడదు. శిశు సంరక్షణ కేంద్రం, వృద్ధుల భోజనం, ఇల్లు ఖాళీ చేయించే దావాల్లో అద్దెదారులకు న్యాయ సహాయం, హింసకు గురైన స్త్రీల ఆశ్రమం, అన్నీ ఆ 1,50,000 కోసమే బారులు తీరతాయి. మిగిలిన 6,50,000 మొత్తాన్నీ కారే కప్పుల, చెడిన వేడి యంత్రాల మరమ్మతుకు ఇంటికి 20,000 చొప్పున ఇచ్చినా 32 ఇళ్లకు మించి అందదు. ఇంత కొద్ది డబ్బును అందరినీ తృప్తిపరచాలని వార్డు వార్డుకూ చిలకరించడం రాజకీయంగా సులువు. తడి నేలలోకి ఇంకదు. ఐదేళ్లపాటు రెండు మూడు పేటల మీద నిలకడగా పెట్టడానికి నగర మండలికి గుండె ధైర్యం కావాలి, మిగిలిన పేటల ముందు ఆ ఎంపికను సమర్థించుకునే నిజాయితీ కావాలి.

చట్టం ప్రకారం ఖర్చులో కనీసం 70 శాతం తక్కువ, మోస్తరు ఆదాయ వర్గాలకు మేలు చేయాలి. అయితే ఈ 70 శాతాన్ని లెక్కించే తీరును దగ్గరగా చూడాలి. ఒక ఇంటి మరమ్మతు అయితే ఆ కుటుంబం ఆదాయపత్రం చూస్తారు. రోడ్డు, కాలిబాట, పార్కు వంటి పనికి అలా చూడడం సాధ్యం కాదు కనుక, అది ఉన్న ప్రాంత నివాసుల్లో 51 శాతం ఆ వర్గాలవారైతే, పని మీద పెట్టిన ప్రతి డాలరూ పేదలకే చేరినట్లు ఖాతాలో పడుతుంది. మిగిలిన 49 శాతం ఎవరన్న ప్రశ్న రాదు. కాలిబాట అనవసరమని ఎవరూ అనరు. చక్రాల కుర్చీలో వెళ్లే మనిషికి దిగుడు లేని మలుపు ఎంత విలువైనదో ఆ మనిషికే తెలుసు. కాని సొంత రాబడితో వేయవలసిన రోడ్లను ఈ లెక్క నీడన వేసుకుంటూ పోతే, నివేదికలో 70 శాతం దాటినట్టే ఉంటుంది, కప్పు కారే ఇల్లు కారుతూనే ఉంటుంది.

గడువు నిబంధన కూడా ఇటువంటి తొందరనే పుట్టిస్తుంది. గ్రాంటు కార్యక్రమ సంవత్సరం ముగియడానికి 60 రోజుల ముందు నగరం ఖాతాలో ఒక ఏడాది గ్రాంటుకు ఒకటిన్నర రెట్లకు మించి ఖర్చుకాని సొమ్ము మిగలకూడదు. నిధులు మురిగిపోకూడదన్న ఉద్దేశం మంచిదే. కాని ఇల్లు కట్టడానికి స్థలం, అనుమతులు, పర్యావరణ పరిశీలన కావాలి. అగ్నిమాపక శకటం కొనడానికి ఒక కొనుగోలు ఉత్తర్వు చాలు. గడువు దగ్గరపడిన నగరం రెండవదాని వైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు. మార్చి నెలాఖరు బిల్లుల హడావిడి తెలిసిన తెలుగు పురపాలక ఉద్యోగులకు ఈ సంగతి వేరుగా వివరించనవసరం లేదు.

ప్రణాళికతోపాటు నగరం కొన్ని ధ్రువీకరణలపై సంతకం చేస్తుంది. జాతి వివక్ష లేని గృహవసతిని ముందుకు తీసుకుపోతున్నామన్నది వాటిలో ఒకటి. ఆ సంతకం బరువు ఎంతో న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్‌చెస్టర్ కౌంటీ వ్యాజ్యంలో తేలింది. గృహవసతిలో అవరోధాలను విశ్లేషించామని ఏటా ధ్రువీకరిస్తూ నిధులు తీసుకున్న కౌంటీ, ఆ విశ్లేషణలో జాతి ప్రస్తావనను వదిలివేసిందని వివక్ష వ్యతిరేక సంస్థ ఒకటి 2006లో కోర్టుకెక్కింది. అంతర్యుద్ధ కాలంలో, 1863లో, ప్రభుత్వానికి తప్పుడు బిల్లులు పెట్టే కాంట్రాక్టర్ల కోసం చేసిన చట్టం అందుకు ఆధారమైంది. ఆ ధ్రువీకరణలు అసత్యమని 2009 ఫిబ్రవరిలో న్యాయమూర్తి తేల్చారు. ఆగస్టులో కుదిరిన ఒప్పందం విలువ 6.25 కోట్ల డాలర్లు, శ్వేతజాతీయులే అధికంగా ఉన్న ఊళ్లలో 750 సరసమైన ఇళ్లు కట్టించే షరతుతో. దస్త్రంలో లాంఛనంగా పెట్టిన సంతకం కోర్టులో ప్రమాణంతో సమానమైంది.

మంచి ఉదాహరణ వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్. 2020 లెక్కల్లో 44,743 మంది ఉన్న ఈ చిన్న ఊరు ప్రధాన నగరం కావడం వల్ల గ్రాంటుకు అర్హమైంది. బెర్నీ శాండర్స్ మేయరుగా ఉన్న 1984లో నగరం ఇచ్చిన 2,00,000 డాలర్ల మూలధనంతో అక్కడ ఒక భూ ట్రస్టు మొదలైంది. ఇల్లు కొనుక్కున్నవారిది, నేల ట్రస్టుది. అమ్ముకునేటప్పుడు పెరిగిన విలువలో 25 శాతం యజమానికి దక్కుతుంది, మిగిలినది ఇంటిలోనే ఉండిపోయి తరువాతి కుటుంబానికి ధర అందుబాటులో నిలుపుతుంది. ‘హోమ్’ నిధితో కొత్తగా కట్టిన అద్దె ఇంటికి సమాఖ్య నిబంధన పెట్టే సరసమైన అద్దె కట్టడి 20 ఏళ్లు. ఇరవయ్యొకటవ ఏట ఏం జరుగుతుందో ఆ నిబంధన చెప్పదు, ట్రస్టు చెబుతుంది. ఒకసారి పెట్టిన డాలరు ఎన్ని తరాలకు పనిచేస్తుందన్న ప్రశ్న ప్రతి నగర ప్రణాళికలోనూ ఉండవలసినది, చాలావాటిలో లేనిది.

ఇక ప్రజల పాత్ర. ఏడాదికి కనీసం రెండు ప్రజాభిప్రాయ సభలు వేర్వేరు దశల్లో జరపాలి. ముసాయిదాను 30 రోజులు ప్రజల ముందుంచాలి. వచ్చిన ప్రతి అభిప్రాయాన్నీ సారాంశంగా చేర్చి, అంగీకరించనివాటికి కారణం రాయాలి. అంటే ఒక సామాన్యురాలు రాసిన అర పేజీ ఉత్తరానికి నగరం జవాబుదారీ. ఇంగ్లీషు రానివారు గణనీయంగా వస్తారనుకున్న సభల్లో వారి అవసరం ఎలా తీర్చేదీ ముందే తెలపాలి. మాట్లాడడానికి ఓటు హక్కు అక్కరలేదు, ఆ ఊరి నివాసి అయితే చాలు.

ఈ మాట తెలుగువారికి నేరుగా వర్తిస్తుంది. టెక్సస్‌లో తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడిన ఇర్వింగ్, ఫ్రిస్కో నగరాలు రెండూ ఈ గ్రాంటు అందుకుంటున్నవే. అక్కడ పిల్లల వద్ద ఉంటున్న తల్లిదండ్రుల్లో తెలుగు తప్ప మరో భాష రానివారూ, కారు నడపలేనివారూ ఉన్నారు. వృద్ధుల రవాణా, పగటి కేంద్రాలు ఆ 15 శాతం సేవల పద్దులోకి వచ్చేవే. గ్రాంటునే ఎత్తివేయాలని అధ్యక్షుడి బడ్జెట్ ప్రతిపాదనలు 2018 నుంచి 2021 దాకా ఆర్థిక సంవత్సరాలకు వరుసగా, మళ్లీ 2026కూ వచ్చిన ఈ కాలంలో, దాని వల్ల మేలు పొందినవారి మాట దస్త్రానికి ఎక్కడం మరీ అవసరం. ఆయా నగరాల తెలుగు సంఘాలు ఈసారి ముసాయిదా వెలువడిన 30 రోజుల్లో దానిని తెప్పించుకుని చదవాలి, సభకు కనీసం ఇద్దరు పెద్దలను తీసుకువెళ్లి వారి చేత తెలుగులోనే మాట్లాడించాలి, దుబాసీని ముందుగానే నగరాన్ని అడగాలి.