తెనాలి–రేపల్లె ప్యాసింజరులో పోలిష్ పాఠాలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

"ఇంజనీరువి కదా, కాలువల గురించో లాకుల గురించో చెప్పు" అన్నారు సంఘం వారు. ముప్పై ఏళ్లుగా అవే మాట్లాడుతున్నాను. ఈ పూటకి నన్ను వదిలేయండి. ఫోనులో నేర్చుకుంటున్న పోలిష్ భాష గురించి చెబుతాను.

మా అబ్బాయి చదువుకని పోలండు వెళ్లి, అక్కడే ఉద్యోగంలో చేరి, అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల పాపకి మూడేళ్లు. అబ్బాయి పాపతో తెలుగు మాట్లాడతాడు గానీ, పగలంతా పాప ఉండేది అమ్మమ్మ దగ్గర. ఆవిడకి ఇంగ్లీషు రాదు. వీడియోలో పాప గుక్క తిప్పుకోకుండా ఏదో చెబుతుంది, మా ఆవిడా నేనూ నవ్వి ఊరుకునేవాళ్లం. మనవరాలు చెప్పేది మనకి అర్థం కాకపోతే ఎలాగండీ? అందుకని మొదలుపెట్టాను.

నా తరగతి గది తెనాలి–రేపల్లె ప్యాసింజరు. వేమూరు, భట్టిప్రోలు మీదుగా వెళ్లే బండి. బాపట్ల ఆఫీసుకి వెళ్లే రోజుల్లో మెయిన్ లైను బండి. మొదటి నాలుగు నెలలూ డుయోలింగో. అది మాటలు అలవాటు చేస్తుంది, ఎందుకలా మారుతున్నాయో మాత్రం సరిగ్గా చెప్పదు. ఆ లోటు విక్షనరీ తీర్చింది. ఇంగ్లీషు విక్షనరీలో పోలిష్ మాట వెతికితే అన్ని విభక్తుల్లోనూ దాని రూపాలు పట్టికగా కనిపిస్తాయి. ఉచ్చారణకి ఫోర్వో ఉంది, అక్కడివాళ్లే పలికి పెట్టినవి వినొచ్చు. యూట్యూబులో 'ఈజీ పోలిష్' వాళ్లు వీధిలో జనాన్ని పలకరిస్తారు, కింద రెండు భాషల్లో అక్షరాలు పడతాయి. డబ్బు కట్టక్కర్లేదు, చెవి మాత్రం పెట్టాలి.

అన్నీ ఇంగ్లీషు మీదుగానే వస్తాయి. కానీ ఈ భాషకి ఇంగ్లీషు కంటే మన తెలుగు తరగతే నాకెక్కువ పనికొచ్చింది. ఇది గురువులు సంతోషిస్తారని అంటున్న మాట కాదు. "శ వేరు, ష వేరు, స వేరు" అని మన తెలుగు మాస్టారు బెత్తం పట్టుకుని పలికించేవారు. పోలిష్‌లో ఈ మూడూ మూడు వేర్వేరు ధ్వనులు, కలిపేస్తే అర్థాలు మారిపోతాయి. 'ౘలి', 'ౘాప'ల్లో ఉండే ౘ, మనం ఇప్పుడు రాయడం మానేసిన అక్షరం, వాళ్లకి నిత్యం కావాలి. 'ఏమిటి' అనడానికి 'ౘో' అంటారు. నా నోటుపుస్తకంలో ఉచ్చారణంతా తెలుగులిపిలోనే రాసుకున్నాను.

ఇక విభక్తులు. సంబోధనతో కలిపి ఏడు. డు ము వు లు దగ్గర్నుంచి వల్లె వేసినవాడికి ఏడంటే భయమేమిటి? పంచమి ఒక్కటే లేదు, దాని పని షష్ఠి చేసిపెడుతుంది. తమాషా ఏమిటంటే, 'నేను ఇంజనీరుని' అనాలంటే ఇంజనీరుకి తృతీయ తగిలించాలి. 'యెస్తెమ్ ఇంజినియెరెమ్'. ఇంజనీరుచేత ఉన్నానన్నట్టు!

నాకు బాగా నచ్చింది మహద్వాచకం. తెలుగులో 'అతడు వచ్చాడు' అంటాం. 'ఆమె వచ్చింది', 'బండి వచ్చింది' అని ఆడవాళ్లనీ వస్తువులనీ ఒకే గాటన కడతాం. బహువచనంలో మనుషులంతా 'వచ్చారు', బళ్లు 'వచ్చాయి'. పోలిష్‌లో ఏకవచనంలో మూడు లింగాలూ విడివిడిగా ఉంటాయి, బహువచనంలో మగవాళ్లున్న గుంపుకి ఒక రూపం, మిగతా అన్నిటికీ ఇంకో రూపం. వందమంది స్త్రీలూ వంద కుర్చీలూ ఒక జాబితా. ఆ స్త్రీల మధ్య ఒక్క మగవాడు దూరితే క్రియ మారిపోతుంది. ఇది మా ఆవిడకి చెబితే, "మనం ఒంటరిగా వస్తే చిన్నచూపు, వాళ్లు గుంపుగా వస్తే చిన్నచూపు, అంతేగా తేడా" అంది. ఏ వ్యాకరణంలోనూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

సంఖ్యలు చుట్టాల్లా పలకరిస్తాయి. ద్వి 'ద్వా', శతం 'స్తో'. అగ్ని 'ఒగియెన్', భ్రాత 'బ్రాత్'. అసలు చుట్టరికాల్లోనే వాళ్లు మనకి దగ్గర. వియ్యంకుడికి ఇంగ్లీషులో మాట లేదు, పోలిష్‌లో ఉంది: 'స్వాత్'. వియ్యపురాలు 'స్వాతోవా'. కాస్త పాతకాలపు మాట. మొన్న వియ్యపురాలిని ఆ మాటతో పిలిస్తే నవ్వి, అది తన నాయనమ్మ వాడేదని చెప్పారు. నేను మధ్యవర్తి లేకుండా అర్థం చేసుకున్న మొదటి వాక్యం అదే.

పరాయి భాష నేర్వడం మన ఊరికి కొత్తేమీ కాదు. ఐతానగరంలో పుట్టిన చక్రపాణి గారు మదనపల్లె శానటోరియంలో క్షయకు చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకుని, శరత్‌ని మనకిచ్చారు. అటునుంచి వచ్చినవాడూ ఒకాయన ఉన్నాడు. వార్సాలో పుట్టిన మారిస్ ఫ్రీడ్‌మన్, ఆయనా ఇంజనీరే, ఈ దేశంలో స్థిరపడి, నిసర్గదత్త మహారాజ్ మరాఠీ సంభాషణల్ని 1973లో ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చాడు. ఇంటర్నెట్ లేని రోజుల సంగతి.

నా స్థాయి ఇంకా పాప స్థాయే. వేగంగా మాట్లాడితే సగం జారిపోతుంది. జూలియన్ తువిమ్ రాసిన 'లోకోమోతీవా' అనే రైలింజను గేయం అక్కడి పిల్లలందరికీ తెలుసు. అందులో మొదటి భాగం రేపల్లె బండిలోనే బట్టీపట్టి పాపకి అప్పజెప్పాను. రెండుచోట్ల ఆపి సరిదిద్దింది.

ఇప్పుడు వియ్యపురాలు తెలుగు నేర్చుకుంటానంటున్నారు. పోలిష్ మీదుగా తెలుగు నేర్పే పాఠాలు నాకు కనబడలేదు. అందుకని వారానికి పది మాటలు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపుతున్నాను. నా గొంతు అంత బాగుండదు. మీలో చక్కగా చదవగలవారు, ముఖ్యంగా తెలుగు పాఠం చెప్పిన టీచర్లు, కొన్ని రికార్డు చేసిపెడితే మేలు. పిల్లలు జర్మనీలోనో స్వీడన్‌లోనో స్థిరపడినవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు, వాళ్లకీ అవి పనికొస్తాయి. నోటుపుస్తకం తెచ్చాను. భోజనాల దగ్గర అడగండి, చూపిస్తాను.