చైనా చట్టం మనకెందుకు?

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, లాయర్ని కాను. అయినా రెండు నిమిషాలు చట్టం గురించే మాట్లాడతాను.

ఇక్కడ లా చదువుతున్న మా అక్క కూతురు, వేసవి కోర్సులో చైనా చట్టం, అంతర్జాతీయ చట్టం చదవడానికి షాంఘై వెళ్తానంది. "ఇక్కడ ప్రాక్టీసు చేసేదానివి, అదెందుకే?" అన్నాను. తిరిగొచ్చాక అడిగింది: "మావయ్యా, బ్రహ్మపుత్ర మీద చైనాతో మనకి నీటి పంపకాల ఒప్పందం ఉందా?"

లేదు. అంతర్జాతీయ నదులపై ఐక్యరాజ్యసమితి 1997లో ఒడంబడిక తెస్తే చైనా వ్యతిరేకంగా ఓటేసింది. మనమేమో ఓటింగుకి దూరంగా ఉన్నాం.

కృష్ణా నీళ్ల తగాదాకి ట్రిబ్యునల్ ఉంది. దేశాల మధ్య మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటేనే తీర్పరి. ఒప్పుకోనివాడి మీద తీర్పొచ్చినా అమలు చేయించే పోలీసు లేడు. 2014లో బంగాళాఖాతం సరిహద్దు తీర్పులో వివాదాస్పద జలాల్లో ఎక్కువ భాగం బంగ్లాదేశ్‌కి పోయినా భారత్ అంగీకరించింది. 2016లో దక్షిణ చైనా సముద్రం తీర్పుని చైనా తోసిపుచ్చింది.

అందుకే అవతలివాడు చట్టాన్ని ఎలా చదువుతాడో మనకి తెలియాలి. కోపంగా ఈమెయిళ్లు ఫార్వర్డ్ చేస్తే నీళ్లు రావు. రేపు మీ పిల్లలు ఇలాంటి కోర్సుకి వెళ్తామంటే, నాలా "ఎందుకు?" అనకండి. టికెట్ కొనిపెట్టండి.

సెలవు.