మూర్ఛ వస్తే తాళాలు కాదు, గడియారం చూడండి
(పామర్రులో మన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను, గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. చదివి తెలుసుకున్న నాలుగు మాటలు మనవి చేస్తాను.

మెదడులోని నాడీకణాలు సన్నని విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. కొన్ని సంకేతాన్ని ముందుకు పంపుతాయి, కొన్ని ఆపుతాయి. ఈ అదుపు తప్పి ఎన్నో కణాలు ఒక్కసారిగా సంకేతాలు పంపడమే మూర్ఛ, అంటే ఫిట్స్. ఇది గాలీ కాదు, ధూళీ కాదు, అంటువ్యాధి అసలే కాదు.

సాధారణంగా ఫిట్ రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగుతుంది. చేతిలో తాళాల గుత్తి పెట్టినందువల్ల ఆగిందనుకుంటాం గాని, పెట్టకపోయినా ఆగేదే. ఆగకుండా సాగితేనే అసలు ప్రమాదం. అప్పుడు గ్లుటమేట్ అనే రసాయనం మితిమీరి ఊరి, కణాల్లోకి కాల్షియం వరదలా చేరుతుంది. డెల్టా రైతులకు వేరే చెప్పనక్కరలేదు. చేను ఒక పూట మునిగితే పైరు తేరుకుంటుంది. రోజుల తరబడి నీరు నిలిస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి. బ్రయన్ మెల్డ్రమ్, ఆయన సహచరులు బబూన్ కోతులపై చేసిన పరిశోధనలను 1973లో ప్రచురించారు. మందులతో కుదుపులు ఆపి ఊపిరి అందించినా, ఫిట్ గంటల తరబడి సాగితే నాడీకణాలు చనిపోయాయి. జ్ఞాపకశక్తికి ముఖ్యమైన హిప్పోకాంపస్ కూడా అందులో దెబ్బతింది.

అందుచేత గడియారం చూడండి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టవద్దు, నీళ్ళు పోయవద్దు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఇక్కడినుంచి బందరుకైనా గుడివాడకైనా దారిలో కొంత కాలం పోతుంది గదా!

ఫిట్ ఆగకుండా సాగడానికి ఒక ముఖ్య కారణం, మాత్రలు హఠాత్తుగా మానడం. సంబంధం చెడుతుందని పిల్ల జబ్బు దాచి, పెళ్ళయ్యాక మాత్రలు మానిపించే ఇళ్ళున్నాయి. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డంకిగా ఉన్న మూర్ఛ అన్న మాటను 1999 నాటి 39వ చట్టం కొట్టివేసింది. చట్టం కొట్టేసినా మన మనసులు కొట్టివేయలేదు. సరియైన మందులతో నూటికి డెబ్బైమంది దాకా ఫిట్స్ లేకుండా బ్రతకవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మనుమలకు, మనుమరాళ్ళకు సంబంధాలు చూస్తున్నవారు మనలో ఎందరో ఉన్నారు. జాతకాలతోపాటు మాత్రల సంగతి కూడా దాచకుండా మాట్లాడుకోండి. డాక్టరు చెప్పనిదే ఒక్క మాత్ర కూడా మాననీయకండి.

సెలవు.