పేపరు కత్తిరింపులో రామన్ గారు



ఫిబ్రవరి 28 దగ్గర పడిందంటే మా బడి పిల్లలు పాత పేపర్ల మీద పడతారు. జాతీయ విజ్ఞాన దినోత్సవానికి సర్ సి.వి. రామన్ గారి మీద చార్టు తయారుచేయాలి కదా! మాది సరిహద్దు ఊరు. కొందరు తెలుగు పేపరు, కొందరు కన్నడ పేపరు కత్తిరించుకొస్తారు. తెలుగు పేపరు ఆయన చిన్ననాటి విశాఖపట్నం చదువును గుర్తు చేస్తుంది, కన్నడ పేపరు బెంగళూరును గుర్తు చేస్తుంది. తక్కిన కథ మాత్రం ఒకటే. 1928లో ఆ రోజున కనిపెట్టారు, 1930లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక ఏడు ఎనిమిదో తరగతి కుర్రవాడు అడిగాడు, "సార్, ఆయన ఆ ఒక్క రోజే పని చేశారా?" అని. నవ్వొచ్చింది గాని, వాడి తప్పేముంది? పేపరు చెప్పిందే వాడు నమ్మాడు.

ఆ ఒక్క రోజు వెనక ఏడేళ్ళున్నాయండీ. 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలిరంగు చూసి, నీళ్ళలో వెలుతురు ఎలా చెదురుతుందన్న ప్రశ్న పట్టుకున్నారు రామన్ గారు. కలకత్తాలో 1923లోనే ఆయన శిష్యులు కె.ఆర్. రామనాథన్ చెదిరిన వెలుతురులో ఏదో వింత జాడ గమనించారు. ద్రవంలో మలినం ఉందేమో అనుకున్నారు. ఎంత శుద్ధి చేసినా ఆ జాడ పోలేదు. తరువాత వెంకటేశ్వరన్ గ్లిజరిన్‌లో చూశారు. 1928 మొదట్లో కె.ఎస్. కృష్ణన్ ఒక ద్రవం తరువాత మరొకటి పరీక్షిస్తూ పోయారు. లోపలికి పంపిన వెలుతురు ఒక రంగుదైతే, చెదిరి వచ్చినదానిలో వేరే రంగు కూడా ఉంటోందని ఫిబ్రవరి 28న తేటతెల్లమైంది.

మరునాడే ఆ సంగతి పత్రికలకు అందింది. దీన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. అదే ఫిబ్రవరిలో మాస్కోలో లాండ్స్‌బర్గ్, మాండెల్‌స్టామ్ స్ఫటికాలలో ఇదే విశేషం చూశారు. వారి వ్యాసం అచ్చు కావడానికి నెలలు పట్టింది. పేపరువాళ్ళను తిట్టేవాళ్ళు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

మార్చి 16న రామన్ గారు బెంగళూరు వచ్చి, సెంట్రల్ కాలేజీలో ఈ కొత్త కాంతి మీద ఉపన్యసించారు. మీలో చాలామంది మైసూరు బ్యాంకు సర్కిల్ దగ్గర ఆ రాతి భవనం చూసే ఉంటారు. ఆ ఉపన్యాసంలో కృష్ణన్‌కూ, వెంకటేశ్వరన్‌కూ ఆయన పేరుపేరునా కృతజ్ఞత చెప్పారు. మా పిల్లల కత్తిరింపుల్లో ఆ పేర్లు ఒక్కసారీ కనిపించలేదు. చోటు చాలదు కాబోలు!

రామన్ గారికీ పేపరు మీద ఆశ లేకపోలేదు. 1930లో నోబెల్ ప్రకటన కోసం రోజూ పేపరు వెతికి, వార్త లేకపోతే విసిరేసేవారని చెబుతారు. మనలాంటి మనిషే!

ఆ బహుమతి తరువాత ఆయన నలభై ఏళ్ళు జీవించారు. అందులో 37 ఏళ్ళు బెంగళూరులోనే. 1933లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా వచ్చారు. 1937లో ఆ పదవి వదులుకోవలసి వచ్చింది. అయినా పని వదల్లేదు, 1948 దాకా అక్కడే ప్రొఫెసరుగా ఉన్నారు. ధ్వని తరంగాల గుండా వెలుతురు పోతే ఏమవుతుందో నాగేంద్రనాథ్‌తో కలిసి తేల్చింది అక్కడే. ఆ తరువాత సొంత పరిశోధన సంస్థ. వజ్రాలు, పూల రంగులు, మన కంటి చూపు, ఎన్నిటినో పరిశీలించారు. మా చార్టుల్లో ఈ నలభై ఏళ్ళకూ మిగిలేది రెండు పంక్తులు. 1954 భారతరత్న, 1970 నవంబరు 21 మరణం.

బాగేపల్లి మీదుగా బెంగళూరు వెళ్ళేవారికి హెబ్బాళ దాటాక మేఖ్రి సర్కిల్ వస్తుంది. దానికి దగ్గరలోనే ఆ సంస్థ. ఆయన్ని దహనం చేసింది ఆ ఆవరణలోనే. స్మారకం ఏదీ కట్టలేదు, ఒక చెట్టు నాటారు.

మరుసటి ఏడు అదే కుర్రవాడు చార్టు తెచ్చాడు. 1921 నుంచి 1928 దాకా ఏడు గళ్ళు గీశాడు. కృష్ణన్ పేరు రాసి పక్కన ఖాళీ వదిలాడు. ఏమిట్రా ఇది అంటే, "ఆయన ఫోటో ఏ పేపర్లోనూ దొరకలేదు సార్" అన్నాడు.

సెలవు.