కూడలిలో నిలబడిన సహోదరుడు

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: ఓబద్యా 10–14, ఆదికాండము 33:1–17, ఎఫెసీ 2:13–18

బైబిలు మీ దగ్గరుంటే ఓబద్యా గ్రంథము తీయండి. ఆమోసుకు, యోనాకు మధ్య ఉంటుంది. పాత నిబంధనలో అన్నిటికంటే చిన్న పుస్తకమిది. ఒక్కటే అధ్యాయము, ఇరవై ఒక్క వచనాలు. పేజీలు తిప్పేటప్పుడు చాలామంది దీన్ని దాటి వెళ్ళిపోతారు. ఈ రోజు మాత్రం ఇక్కడ కాసేపు ఆగుదాం.

పరాయివాడు కొడితే ఒక బాధ. సొంత అన్న కొడితే అది వేరే బాధ. ఓబద్యా చెప్పేది ఈ రెండవ బాధ గురించే.

ఎదోమీయులు ఎవరు? ఏశావు సంతానము. ఇశ్రాయేలీయులు ఎవరు? యాకోబు సంతానము. ఇద్దరూ రిబ్కా గర్భములో పెరిగిన కవలలు. అలాంటిది, శత్రువులు యెరూషలేము మీద పడిన దినమున ఎదోము ఏం చేసింది? ప్రవక్త వరుసగా చెబుతాడు. మొదట దూరంగా నిలబడి చూసింది. తరువాత సహోదరుని నాశనానికి సంతోషించింది. ఆ తరువాత గుమ్మము దాటి లోపలికొచ్చి ఆస్తి మీద చేయి వేసింది. చివరికి దారులు చీలే కూడలిలో నిలబడి, ప్రాణాలు దక్కించుకుని పారిపోతున్నవారిని పట్టి శత్రువుకు అప్పగించింది. గమనించండి, చూస్తూ ఊరుకోవడంతో మొదలైన పాపము అప్పగించడం దాకా పోయింది.

ప్రియులారా, ఈ లేఖనాన్ని చేతిలో పట్టుకుని, రష్యా ఉక్రెయిన్ ప్రజల మధ్య జరిగినదాన్ని చూద్దాం. ఇది మనకు దూరదేశపు సంగతి కాదు. 2022 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉక్రెయిన్ నుండి వేలాదిమంది భారతీయ విద్యార్థులు ప్రాణాలరచేత పట్టుకుని బయటపడ్డారు. వారిలో తెలుగు బిడ్డలూ ఉన్నారు. వారికోసం మన సంఘాల్లో కన్నీటి ప్రార్థనలు జరిగాయి. మరోవైపు, ఉద్యోగమని నమ్మి వెళ్ళి, రష్యా సైన్యములో చిక్కుకుని చనిపోయిన మన దేశపు యువకులూ ఉన్నారు. వారిలో హైదరాబాదు బిడ్డ కూడా ఉన్నాడు. కాబట్టి ఆ కన్నీరు మన గుమ్మము దాకా వచ్చింది.

ఈ రెండు జనాలకూ బాప్తిస్మపు జ్ఞాపకము ఒక్కటే. క్రీ.శ. 988లో కీవ్‌ను ఏలిన రాజు క్రైస్తవ్యాన్ని స్వీకరించి, తన ప్రజలకు ద్నీపర్ నదిలో బాప్తిస్మము ఇప్పించాడని చరిత్ర చెబుతుంది. ఆ రాజును ఉక్రేనియన్లు వొలొదిమిర్ అంటారు, రష్యన్లు వ్లదీమిర్ అంటారు. కీవ్‌లో నది ఒడ్డున ఆయన విగ్రహముంది. 2016లో మాస్కోలో కూడా ఒకటి నిలబెట్టారు. విచిత్రమేమంటే, 2022లో యుద్ధము పెద్దదైనప్పుడు రెండు దేశాల అధ్యక్షులదీ ఆ రాజు పేరే.

సోవియట్ కాలములో ఈ రెండు జనాలు కలిసి బ్రతికారు, కలిసి పనిచేశారు, పెళ్ళిళ్ళతో కలిసిపోయారు. 2001 జనాభా లెక్కల ప్రకారము ఉక్రెయిన్‌లో తాము రష్యన్లమని చెప్పుకున్నవారు దాదాపు 83 లక్షలమంది. అయితే అదే కాలములో లోతైన గాయాలూ పడ్డాయి. 1932–33లో స్టాలిన్ ప్రభుత్వము ధాన్యాన్ని బలవంతంగా లాక్కోవడంవల్ల వచ్చిన కరవులో లక్షలాది ఉక్రేనియన్లు ఆకలితో చనిపోయారు. 1991 డిసెంబరు 1న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి తొంభైమందికి పైగా స్వతంత్ర దేశము కావాలన్నారు. 1994లో బుడాపెస్ట్ ఒప్పందముతో ఉక్రెయిన్ తన నేలమీదున్న అణ్వాయుధాలను వదులుకుంది. దాని సరిహద్దులను గౌరవిస్తామని రష్యా, అమెరికా, బ్రిటన్ సంతకాలు చేశాయి.

ఆ మాట నిలవలేదు. 2014 ఫిబ్రవరిలో కీవ్‌లో ప్రభుత్వము మారిపోయింది. మార్చిలో రష్యా క్రిమియాను తనలో కలుపుకుంది. తూర్పున దొన్‌బాస్‌లో యుద్ధము మొదలై, 2021 చివరికి 14,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2021 జూలైలో రష్యా అధ్యక్షుడు పుతిన్ ఒక పెద్ద వ్యాసము రాసి, ఈ రెండు జనాలు నిజానికి ఒకే జనము అన్నాడు. ఏడు నెలలు తిరిగాక, 2022 ఫిబ్రవరి 24న, ఆయన సైన్యము సరిహద్దు దాటింది. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారము అరవై లక్షలకు పైగా ఉక్రేనియన్లు పరదేశాలకు వలసపోయారు.

ప్రియ శ్రోతలారా, ఈ సంగతులలో దేవుడు మనకు మూడు పాఠాలు నేర్పుతున్నాడు.

మొదటిగా, "సహోదరుడా" అని పిలవడం వేరు, సహోదరునిగా బ్రతకనివ్వడం వేరు.

మరియూపోల్ పట్టణములో ఎక్కువమంది ఇళ్ళలో మాట్లాడేది రష్యన్ భాష. 2022 మార్చిలో అక్కడి నాటకశాలలో వందలాదిమంది తల్లులు, పిల్లలు, వృద్ధులు తలదాచుకున్నారు. ఆకాశములో ఎగిరేవారికి కనబడాలని భవనానికి ముందూ వెనుకా నేలమీద పెద్ద పెద్ద అక్షరాలతో "పిల్లలు" అని రాశారు. ఏ భాషలో రాశారు? రష్యన్‌లో. అన్న భాషలోనే తమ్ముడు బ్రతిమాలాడు. మార్చి 16న ఆ భవనము మీద బాంబు పడింది. "మనమంతా ఒకటే" అన్న మాట ఆ నేలమీద ఏమైపోయింది?

ఇప్పుడు ఆదికాండము 33వ అధ్యాయము చూడండి. ఇరవై ఏళ్ళ పగ తరువాత ఏశావు యాకోబు ఎదురుపడ్డారు. ఏశావు పరుగెత్తుకొచ్చి కౌగలించుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. అక్కడితో మనము పుస్తకము మూసేస్తాము. కాని తరువాతి వచనాలు చదవండి. కలిసి ప్రయాణము చేద్దామని ఏశావు అన్నాడు. పిల్లలున్నారు, మందలున్నాయి, మెల్లగా వస్తానని యాకోబు అన్నాడు. పోనీ నా మనుషుల్ని కొందరిని నీ దగ్గర ఉంచుతానని ఏశావు అన్నాడు. అవసరము లేదన్నాడు యాకోబు. అప్పుడు నాలుగువందలమంది మనుషులున్న ఏశావు ఏం చేశాడు? బలవంతము చేయలేదు. తన దారిన శేయీరుకు వెళ్ళిపోయాడు. యాకోబు సుక్కోతుకు వెళ్ళి ఇల్లు కట్టుకున్నాడు. మరి సమాధానము చెడిపోయిందా? లేదు. తండ్రియైన ఇస్సాకు చనిపోయినప్పుడు ఇద్దరూ కలిసి పాతిపెట్టారని 35వ అధ్యాయము చెబుతుంది. రెండు ఇళ్ళు, ఒక తండ్రి సమాధి. ఆ రోజు ఏశావుకు తెలిసిన ఈ మర్యాదను, ఓబద్యా కాలానికి అతని సంతానము మరచిపోయింది. సహోదర ప్రేమకు గురుతు తమ్ముని ఇంటి గడపను గౌరవించడమే.

రెండవదిగా, దేవుని సేవకుని నోరు ఎవరి పక్షాన తెరుచుకుంటుందో దేవుడు లెక్క అడుగుతాడు.

దాడి మొదలైన రోజునే, మాస్కో పాట్రియార్క్ క్రింద ఉన్న ఉక్రెయిన్ ఆర్థొడాక్స్ సంఘపు అధిపతి ఒనూఫ్రీ దీన్ని కయీను పాపముతో పోల్చి, ఆపమని రష్యా అధ్యక్షుణ్ణి వేడుకున్నాడు. అదే సంవత్సరము సెప్టెంబరులో మాస్కో పాట్రియార్క్ కిరిల్, విధి నిర్వహణలో చనిపోయే సైనికుని త్యాగము అతని పాపాలను కడిగివేస్తుందని ప్రసంగించాడు. ప్రియులారా, పాపాలను కడిగేది ఏది? కల్వరిలో కారిన రక్తము ఒక్కటే. ఆ స్థానములో యుద్ధభూమి రక్తాన్ని పెట్టే అధికారము ఏ బోధకునికీ లేదు.

అయితే రష్యాలో అందరూ మౌనముగా లేరు. 2022 మార్చి మొదట్లో దాదాపు 300 మంది రష్యన్ ఆర్థొడాక్స్ గురువులు, డీకన్లు యుద్ధము ఆపమని బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. కొస్త్రొమా ప్రాంతములోని ఒక గ్రామపు గురువుకు, ఆదివారపు ప్రసంగములో యుద్ధాన్ని ఖండించినందుకు కోర్టు జరిమానా వేసింది. వీధుల్లో నిలబడి వద్దన్నందుకు వేలాది రష్యన్లు అరెస్టయ్యారు. అందుచేత "రష్యన్లంతా ఇంతే" అనే మాట క్రైస్తవుని నోట రాకూడదు. ఎదోము పాపాన్ని ఓబద్యా దాచలేదు. అయినా ఏశావు కూడా ఇస్సాకు కుమారుడే.

ఉక్రెయిన్ సంఘాలకు కూడా ఇది కఠిన పరీక్ష అయింది. 2019 జనవరిలో కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ బర్తొలొమయి అక్కడ స్వతంత్ర ఆర్థొడాక్స్ సంఘాన్ని గుర్తించాడు. 2022 మేలో ఒనూఫ్రీ సంఘము కూడా మాస్కోనుండి స్వతంత్రమని ప్రకటించుకుంది. అయినా అనుమానాలు తీరలేదు. 2024 ఆగస్టులో, రష్యన్ సంఘముతో సంబంధమున్న మతసంస్థలను నిషేధించే చట్టము వచ్చింది. ఎన్నో ఊళ్ళలో ఒకే బల్లయొద్ద కూర్చున్నవారు రెండుగా చీలిపోయారు. దేశానికి కాపలా అవసరమే. కాని అన్యాయము పొందినవాని హృదయములో కూడా ద్వేషము వేరు పారగలదని, తుపాకిని అడ్డుకున్నంత మెలకువగా దాన్నీ అడ్డుకోవాలని సంఘము చెప్పాలి.

మూడవదిగా, సిలువ దగ్గరి సమాధానము సత్యాన్ని దాటి రాదు.

2022 ఏప్రిల్ 15, శుభ శుక్రవారము. రోము నగరములో పాత కొలోసియము దగ్గర సిలువ మార్గపు ఆరాధన. ఒక మజిలీలో ఇద్దరు స్త్రీలు కలిసి సిలువ మోశారు. ఒకరు ఉక్రేనియన్, మరొకరు రష్యన్. ఇద్దరూ రోములో రోగుల సేవలో పరిచయమైన స్నేహితురాళ్ళు. మంచి దృశ్యమే కదా అంటారు. కాని ఉక్రెయిన్‌నుండి తీవ్రమైన అభ్యంతరము వచ్చింది. బూచా వీధుల్లో శవాలు బయటపడి అప్పటికి రెండు వారాలే. చంపడము ఆగనేలేదు, తప్పు ఒప్పుకున్నవాడు లేడు, అప్పుడే ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టడమేమిటి అని ఉక్రెయిన్ గ్రీకు కతోలిక సంఘపు అధిపతి షెవ్‌చుక్ అడిగాడు. చివరికి ఏం జరిగింది? ఆ ఇద్దరూ సిలువ పట్టుకున్నారు. కాని ముందుగా రాసిపెట్టిన ప్రార్థన చదవలేదు. మౌనముగా, ఎవరి హృదయములో వారు ప్రార్థించుకొమ్మన్నారు.

ఎవరు ఒప్పు? నాకు తోచినంతవరకు ఇద్దరూ సువార్తలో ఒక్కొక్క కొస పట్టుకున్నారు. గాయాన్ని పైపైన మాన్పి, లేని సమాధానాన్ని ఉన్నదని చెప్పిన ప్రవక్తలను యిర్మీయా గద్దించాడు. షెవ్‌చుక్ అడిగినది ఆ ప్రశ్నే. మరోవైపు ఎఫెసీ 2వ అధ్యాయములో పౌలు, క్రీస్తు తన శరీరమందు మధ్యగోడను పడగొట్టాడని రాశాడు. ఆ స్త్రీలు చేతులతో పట్టుకున్నది ఆ నిరీక్షణనే. సిలువలో దేవుడు పాపాన్ని చూసీచూడనట్టు వదలలేదు, దానికి తీర్పు తీర్చాడు. పాపిని పారవేయలేదు, తన కుమారుని ఇచ్చి కొన్నాడు. సత్యము లేకుండా సమాధానము అడిగితే అది బాధితుని మీద రెండవ దెబ్బ. క్షమకు చోటే లేదంటే, అది సిలువను సగములో దించేయడము. మాటలు దొరకనిచోట, సిలువను వదలకుండా మౌనముగా నిలబడడము కూడా ప్రార్థనే.

ఇది చెప్పుకోవడానికి సులువు. స్లొవ్యాన్స్క్ పట్టణములో ఒక సువార్త సంఘముంది. 2014 జూన్ 8, పెంతెకొస్తు ఆదివారము, ఆరాధన ముగిసే వేళ ఆయుధాలు పట్టిన వేర్పాటువాదులు వచ్చి నలుగురు విశ్వాసులను పట్టుకుపోయారు. వారిలో ఇద్దరు ఆ సంఘ కాపరి కుమారులు, ఇద్దరు డీకన్లు. నలుగురినీ చంపేశారు. పట్టణము విడుదలయ్యాక జూలైలో వారి శరీరాలు సామూహిక సమాధిలో దొరికాయి. పెంతెకొస్తు దినమున పరిశుద్ధాత్ముడు అనేక భాషలవారిని ఒక్కటి చేశాడని మనము సంతోషముగా పాడుకుంటాము. అదే దినమున ఆ కాపరి ఇంట ఇద్దరు కొడుకులు తిరిగిరాలేదు. అలాంటి తండ్రిని చూసి "క్షమించు" అని చెప్పే అర్హత వేల మైళ్ళ దూరములో క్షేమముగా కూర్చున్న మనకు లేదు. ఆయనతో కలిసి ఏడ్చే బాధ్యత మాత్రం ఉంది.

ప్రియ సహోదరీ, ప్రియ సహోదరుడా, ఓబద్యా నిన్ను అడుగుతున్నాడు: నీవు ఎక్కడ నిలబడి ఉన్నావు? దూరముగా నిలబడి వార్తలు చూస్తూ, ఆటలో గెలుపోటములు లెక్కపెట్టినట్టు లెక్కపెడుతున్నావా? చమురు ధర తగ్గితే చాలు, ఎవరు చస్తే మనకేమని అనుకుంటున్నావా? అది ఎదోము వేసిన మొదటి అడుగు. నీ ఇంటిలో గెట్టు తగాదాతో మాటలు మానేసిన అన్నదమ్ములున్నారా? నీ సంఘములో కులము పేరుతో విడిగా కూర్చునే వరుసలున్నాయా? తీసుకున్నది తిరిగి ఇవ్వు. చేసిన తప్పు పేరు పెట్టి ఒప్పుకో. అప్పుడు చేయి చాపు. పారిపోయే సహోదరుణ్ణి పట్టి ఇవ్వడానికి కూడలిలో నిలిచినవాడు ఎదోమీయుడు. వాని గాయాలు కట్టడానికి దారిలో ఆగినవాడు, లూకా 10వ అధ్యాయములోని సమరయుడు. దారిలో నిలబడినవారే ఇద్దరూ. నీవు ఎవరివలె నిలుస్తావు?

ప్రార్థన చేసుకుందాం.

పరలోకపు తండ్రీ, బిడ్డలను పోగొట్టుకున్న ఉక్రెయిన్ తల్లిదండ్రులను ఆదరించండి. పోరాడమని పంపబడి తిరిగిరాని రష్యన్ కుమారుల తల్లులను జ్ఞాపకము చేసుకోండి. చెరలో ఉన్నవారిని ఇళ్ళకు చేర్చండి. బలవంతుల చేతిని ఆపండి, వారికి మారుమనస్సు దయచేయండి. సత్యము పలికే నోటిని మీ సంఘానికివ్వండి. మా ఇళ్ళలోని మధ్యగోడలను కూల్చి, మమ్మును సమాధానపరచువారినిగా చేయండి. సిలువ వేయబడిన మీ కుమారుడు యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.